పదో మనిషి ఎక్కడ?

కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, మంచుకొండల నడుమ నెరీమ్ అని ఒక ఊరు ఉండేది. ఊరికి ఒకే ఊట. ఊటకు ఒకే గుహ. గుహకు ఒకే వాకిలి.

ఆ ఊళ్లో ఉండేవాళ్లు యూదులు. పదిమంది కూడితేనే పెద్ద ప్రార్థన అని వాళ్ల నియమం. తొమ్మిదిమంది ఎంత గొంతు చించుకున్నా అది ప్రార్థన కాదు, గోల. ఇంకో ఆచారం కూడా ఉంది. మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టకూడదు, దిష్టి తగులుతుంది. అందుకని పది మాటల పాట ఒకటి కట్టుకున్నారు. మెనాషె గురువుగారు ఒక్కో మనిషి మీద వేలు పెట్టి ఒక్కో మాట పలికేవారు.

"కొండ, వాన, గింజ, రొట్టె, దీపం, పాట, పసి, ముసలి, అందరం, నీవాళ్లం."

చివరి మాటకు మనిషి దొరికితే లెక్క కుదిరినట్టు. మనుషులంటే మగవాళ్లేనని ఆ పాటలో ఎక్కడా లేదు. అయినా అందరికీ తెలుసు!

ఊళ్లో మగవాళ్లు సరిగ్గా పదిమంది. ఆ చలికాలంలో పదోవాడు, పిండిమర నడిపే యాకెల్, జ్వరంతో పోయాడు. మర ఆగలేదు. పన్నెండేళ్ల కూతురు పెర్లా, నాయనమ్మ బెయ్లాతో కలిసి దాన్ని నడిపింది. ఊరంతా ఆ పిండే తిన్నది. ప్రార్థన మాత్రం ఆగిపోయింది.

ప్రార్థన ఆగిన ఊరికి దయ్యాలు దారి కనుక్కుంటాయి. ఒక శుక్రవారం పొద్దున షేద్ వచ్చింది. షేద్ అంటే ఆ ఊరి కథల్లో దయ్యం. మనిషిలాగే మాట్లాడుతుంది, మనిషిలాగే కోటు తొడుగుతుంది. కాళ్లు మాత్రం కోడిపుంజు కాళ్లు.

బెయ్లా నీళ్లకని గుహలోకి వెళ్లగానే, అది వాకిలికి పెద్ద బండ దొర్లించి, దానిమీదెక్కి కూర్చుంది.

"ఇక ఊట నాది. ముసలమ్మ నా వంటమనిషి. వెయ్యేళ్లుగా చేతులు కాల్చుకుంటున్నాను," అంది.

"దయ్యానికైనా సరే, ఆడమనిషి కనబడగానే వంటే గుర్తొస్తుందా!" అని గుహలోంచి బెయ్లా అరిచింది.

గురువుగారు అడిగారు. "బండ కదలాలంటే ఏం చెయ్యాలి?"

"మీ నియమమే నా నియమం. పది గొంతులు కావాలి. ఎవరి పేరు వాళ్లు చెప్పి, అందరూ కలిసి ఒక్కసారి ఆమేన్ అనండి. బండ దానంతటదే దొర్లుతుంది. పొద్దు గుంకేదాకా గడువు. దాటితే ఊటతో, ముసలమ్మతో పాతాళానికి దిగిపోతాను."

పొద్దు గుంకితే సబ్బాతు, అంటే వాళ్ల వారపు విశ్రాంతి రోజు. ఇంటింటా దీపాలు వెలగాలి. జడలా అల్లిన రొట్టెలు బల్లమీదికి రావాలి.

"ఆడవాళ్లంతా ఇళ్లలోకి పోయి గడియ పెట్టుకోండి!" అని కుట్టుపని ఫైవిష్ కేకవేశాడు. తలుపులన్నీ మూతపడ్డాయి. పెర్లా కదల్లేదు. బండ వెనక ఉన్నది తన నాయనమ్మ. లోకంలో ఆ పిల్లకు మిగిలింది ఆ ఒక్క మనిషే.

గురువుగారు వేలు చాపి మొదలుపెట్టారు. కొండ, వాన, గింజ... "అందరం" దగ్గర మగవాళ్లు అయిపోయారు. "నీవాళ్లం" ఆయన నోట్లోనే ఉండిపోయింది. వేలు గాల్లో వెతికింది. జుట్టునిండా పిండితో నిలబడ్డ పెర్లా తల మీదుగా దాటింది. పొదను దాటింది. ఒక మేక దగ్గర ఆగి, సిగ్గుపడి వెనక్కి వచ్చింది.

"ఒకరు తక్కువ," అన్నారు గురువుగారు.

"నేనున్నాను కదండీ," అంది పెర్లా.

"ఉన్నావులే తల్లీ. ఒకరు తక్కువ."

మధ్యాహ్నానికి బండి కూడా నడవని ఆ కొండదారిన ఒక బాటసారి దిగివచ్చాడు. నల్లకోటు, నిగనిగలాడే గడ్డం, తేనెలాంటి మాటలు. "పదో మనిషి కావాలటగా? నేను సిద్ధం!" అన్నాడు. ఫైవిష్ అతన్ని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చాడు.

కోటు నేలను ఊడుస్తోంది. పెర్లా దాన్ని చూసింది. "అయ్యా, ఒక్కసారి కోటు ఎత్తుతారా?"

"ఛీ, అతిథిని అలా అడుగుతారా? మర్యాద తెలియని పిల్ల!" అని తొమ్మిదిమందీ కసిరారు.

పెర్లా నడుముకు కట్టుకున్న గుడ్డ దులిపింది. దారంతా పిండి పరుచుకుంది. బాటసారి నాలుగడుగులు వేశాడు. పిండిలో నాలుగు కోడికాళ్ల గుర్తులు పడ్డాయి.

"మా బావమరిది!" అని బండమీద షేద్ పగలబడి నవ్వింది. బాటసారి కొక్కొరొకో అంటూ కొండెక్కి పారిపోయాడు.

"నాకు ముందే అనుమానం వచ్చింది," అన్నాడు ఫైవిష్.

తర్వాత వాళ్లు గోలెంను చేద్దామనుకున్నారు. గోలెం అంటే మట్టిమనిషి. వాగు ఒడ్డున బంకమట్టి తెచ్చి, రెండు నిలువుల బొమ్మ చేశారు. పవిత్రనామం రాసిన చీటీ దాని నోట్లో పెట్టగానే అది లేచి నిలబడింది. ఫైవిష్ హడావుడిగా దానికి ఒక లాగు కూడా కుట్టాడు.

"మట్టిబొమ్మ లెక్కలోకి వస్తుందా?" అని పెర్లా అడిగింది.

"మగబొమ్మ కదా. లాగు కనబడటం లేదూ?" అన్నాడు ఫైవిష్.

"అయితే ఆమేన్ అనేటప్పుడు నోరు తెరుస్తుంది కదా మావా. చీటీ ఏమవుతుంది?"

"పెద్దవాళ్లు పని చేస్తుంటే ప్రశ్నలేంటి?"

సరే. అందరూ నిలబడ్డారు. "గోలెం, నీ పేరు చెప్పు!" అన్నారు గురువుగారు. గోలెం నోరు తెరిచింది. చీటీ జారి కింద పడింది. మట్టి మట్టిగా కూలింది. లాగు మాత్రం చక్కగా మిగిలింది.

పొద్దు కొండకొన మీదికి దిగింది. గుహలోంచి బెయ్లా దగ్గు వినబడింది. చలి లోపలికి పాకుతోంది. పెర్లా బండకు చెవి ఆనించింది.

"భయంగా ఉందా నాయనమ్మా?"

"కొంచెం. నీకు?"

"కొంచెం."

"అయితే కొంచెం కొంచెమే. ఇద్దరం మోసేస్తాం."

అప్పుడు ఫైవిష్ గొంతు తగ్గించి అన్నాడు. "గురువుగారూ, ఒక ఉపాయం. యాకెల్ టోపీ మరలో వేలాడుతోంది. ఈ పిల్లకు ఆ టోపీ పెట్టి, గొర్రెబొచ్చు గడ్డం కడదాం. మనకు పదోవాడు దొరికినట్టే."

నాయనమ్మ కోసం పెర్లా ఏదైనా చేస్తుంది. టోపీ పెట్టుకుంది. గడ్డం కట్టుకుంది. నాన్న టోపీ చెవులదాకా దిగింది. గురువుగారి వేలు ఈసారి దాటిపోలేదు. "నీవాళ్లం!" అని హాయిగా ఆ టోపీ మీద వాలింది.

తొమ్మిదిమందీ పేర్లు చెప్పారు. పదో పేరు కోసం షేద్ మెడ చాచింది.

"యాకెల్ అను, యాకెల్ అను," అని ఫైవిష్ గొణిగాడు.

పెర్లా నోరు తెరిచి, మూసింది. దేవుడి ముందు అబద్ధంతో నిలబడితే ఏ బండ కదులుతుంది? టోపీ తీసి చంకలో పెట్టుకుంది. గడ్డం లాగి పారేసింది.

"గురువుగారూ, పొద్దుటి నుంచీ నేను ఇక్కడే ఉన్నాను. మీ వేలు నన్ను చూడలేదు. ఇప్పుడు టోపీని చూసింది. మీకు కావలసింది గొంతా, గొర్రెబొచ్చా?"

గురువుగారు తన వేలికేసి చూసుకున్నారు. అరవై ఏళ్ల కిందట ఇదే వేలితో పలక మీది తేనె నాకారు. అక్షరం తియ్యగా గుర్తుండాలని పిల్లలకు పలకమీద తేనె రాసి చదువు చెప్పడం ఆ ఊరి ఆచారం. ఆ తేనె రాసింది, ఆ మొదటి ప్రార్థన నేర్పింది పక్కింటి బెయ్లా అక్క. ఆ అక్కే ఇప్పుడు బండ వెనక దగ్గుతోంది.

ఆయన మెల్లగా వచ్చి, వట్టి తల మీద, ఆ పిండి జుట్టు మీద వేలు పెట్టారు.

"నీవాళ్లం," అన్నారు.

"నా పేరు పెర్లా. యాకెల్ కూతుర్ని. బెయ్లా మనవరాల్ని."

"చెల్లదు, చెల్లదు!" అని షేద్ రెక్కల్లా చేతులు కొట్టుకుంది. "ఆడపిల్ల లెక్కలోకి రాదు!"

"నువ్వేమడిగావు?" అంది పెర్లా. "పది గొంతులన్నావు. పది మీసాలన్నావా?"

దయ్యాలు ఎంత చెడ్డవైనా, పెట్టిన షరతు దాటలేవు. అది వాటి రాత.

"ఆమేన్!" అన్నారు పదిమందీ.

బండ కదిలింది. గిర్రున దొర్లింది. మీదున్న షేద్ కిందపడి, కోటు వదిలేసి, కొక్కొరొకో అంటూ బావమరిది పోయిన దారినే పరుగు పెట్టింది. ఊట ఒక్కసారిగా వెలుగులోకి దూకింది.

రెండు చేతుల్లో రెండు బిందెలతో బెయ్లా బయటికి వచ్చింది.

"ఇంత ఆలస్యమా మెనాషె? లోపల్నుంచి నేనూ ఆమేన్ అన్నాను. నన్నూ కలుపుకుంటే పదకొండు," అంది.

పెర్లా పరుగెత్తి ఒక బిందె అందుకుంది. తలుపుల గడియలు ఒక్కొక్కటే తీశారు. పొద్దు గుంకేలోపు ఇంటింటా సబ్బాతు దీపం వెలిగింది.

మరుసటి వారం నుంచి గురువుగారి పాట ఒకసారితో సరిపోలేదు. వేలు అందరి మీదా పడేసరికి మూడుసార్లు పాడవలసి వచ్చింది. ఫైవిష్ మిగిలిన లాగును తనకే సరిచేసుకుని, అది గోలెందని ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పనివాళ్లు లేరు.

పక్కనే నిలబడ్డ మనిషిని లెక్కలోకి తీసుకోనివాళ్లకు ఎప్పుడూ ఒకరు తక్కువే.