నూట తొమ్మిదేళ్ళ సగటు

ఒకానొకప్పుడు ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఊఁ కొడుతుంటేనే చెబుతాను, లేకపోతే లేదు.

ఏడు సముద్రాల అవతల దీవిలో ధూమకేశుడనే మాంత్రికుడు కనకరేఖ అనే రాజకుమారిని చెరబట్టాడు. వాడి లెక్కకు జవాబు చెబితే పిల్లను వదిలేస్తాడు, తప్పితే రాయిని చేస్తాడు. పెద్దవాడు వెళ్ళాడు, రాయయ్యాడు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాయయ్యాడు. ఇక మూడోవాడు మణిదత్తుడు బయల్దేరాడు. సముద్రాలెలా దాటాడంటారా? దారిలో రెక్క విరిగిన గండభేరుండానికి కట్టు కట్టాడు. "ఎక్కు నాయనా" అని అదే మోసుకుపోయింది.

వాకిట్లో అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు.

మాంత్రికుడు ఐదు చిలకల్ని చూపించాడు. "వీటికి రెండు, మూడు, ఐదు, ఏడు, ఎనిమిదేళ్ళు. సగటెంత?"

"అన్నీ కూడితే ఇరవై ఐదు. ఐదింటికి పంచితే తలా ఐదు."

"ఇది మీ అన్నలూ చెప్పార్లే," అంటూ వాడు మూడు పంజరాల దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఇందులో పదేళ్ళ లోపువి ఆరు. ఇందులో పది నుంచి ఇరవై లోపువి మూడు. ఇందులో ఇరవై నుంచి ముప్పై లోపుది ఒకటి. సగటు చెప్పు. మీ అన్నలు పదిహేనన్నారు."

ఏ చిలక వయసెంతో తెలీదు. అందుకని మణిదత్తుడు ఒక్కో పంజరానికి నడిమి వయసు పట్టుకున్నాడు: ఐదు, పదిహేను, ఇరవై ఐదు. ఆరు ఐదులు ముప్పై. మూడు పదిహేనులు నలభై ఐదు. ఒక ఇరవై ఐదు. మొత్తం వంద. పది చిలకలకు పంచాడు.

"పది. కాస్త అటూ ఇటూ ఉండొచ్చు."

"తప్పు," అన్నాడు మాంత్రికుడు. అసలు జవాబు చెప్పాకే ఎవరినైనా రాయిని చేయాలని వాడి మంత్రానికి నియమం. "నూట తొమ్మిది."

"ముప్పై దాటిన చిలకే లేదన్నావు. సగటు నూట తొమ్మిదెలా అవుతుంది మామా?"

ఎలాగని అడిగితే, విప్పి చెప్పేదాకా వాడి మంత్రం పారదు. మణిదత్తుడు పంజరాల వైపు తిరిగి, "మీ వయసులు మీరే చెప్పండమ్మా," అన్నాడు. తొమ్మిది చిలకలు చెప్పాయి. కూడితే తొంభై. పదోది, పదేళ్ళ లోపు పంజరంలోది, ముక్కు మూసుకు కూర్చుంది.

"పది చిలకలకు నూట తొమ్మిది చొప్పున వెయ్యీ తొంభై. తొంభై పోతే వెయ్యి. దీనికి వెయ్యేళ్ళు. వీడి ప్రాణం దీన్లోనే ఉంది," అంటూ మణిదత్తుడు దాన్ని చప్పున పట్టుకుని మెడ నులిమేశాడు. మాంత్రికుడు కుప్పకూలి చచ్చాడు. రాళ్ళు మనుషులయ్యాయి. తమ్ముడు అన్నల్ని కావిలించుకుని భోరున ఏడ్చాడు.

"మేమెక్కడ తప్పామురా?" అనడిగాడు పెద్దన్న.

"మీరు మూడు నడిమి వయసుల్ని కూడి మూడింటికి పంచారన్నయ్యా. పంజరాల్ని లెక్కపెట్టారు, చిలకల్ని వదిలేశారు. అది సరే, వాడు నూట తొమ్మిదన్నప్పుడు ఇద్దరిలో ఒక్కరూ ఎలాగని అడగలేదేం?"

మణిదత్తుడు కనకరేఖను పెళ్ళాడి యాభై ఏళ్ళు ఏలాడు. అన్నేళ్ళలోనూ ఆ కొలువులో ఎలాగని అడిగినవాడిని ఎవరూ కసురుకోలేదు.