కొలువు మండపం రంగు

కుంభగిరిని ఏలే వీరకంప మహారాజుకు రాత్రిళ్లు నిద్ర పట్టడం మానేసింది. నిద్రలేని రాజు సంగతి చెప్పేదేముంది! పూలు మరీ వాసనేస్తున్నాయని తోటమాలినీ, పాలు మరీ తెల్లగా ఉన్నాయని వంటవాణ్ణీ కేకలేస్తున్నాడు. ఒకరోజు కొలువులో ప్రకటించేశాడు.

"నా పడకగది గోడలకు ఏ రంగు వేస్తే నిద్ర పడుతుందో చెప్పినవాళ్లకు కోరింది ఇస్తాను."

ఔబళభట్టు వెంటనే లేచాడు. ఆయన ఆస్థాన వర్ణపండితుడు. రంగుల గురించి ఆయనకు తెలియనిది లేదు. తెలిసింది చెప్పకుండా ఊరుకున్న రోజూ లేదు. కొలువులో ఆయన ఉపన్యాసం మొదలైతే దీపాలు పెట్టే వేళకు గాని ముగిసేది కాదు.

"వీరులకు ఎరుపు శ్రేష్ఠం, ప్రభూ," అన్నాడు.

ఎరుపు వేశారు. రాజుగారికి తెల్లవార్లూ యుద్ధంలో ఉన్నట్టే అనిపించింది. పసుపు వేస్తే ఎవరిదో పెళ్లిపందిట్లో పడుకున్నట్టుందన్నాడు. ఆకుపచ్చ వేస్తే అడవి ఏనుగులు గుర్తొచ్చాయి. చివరికి నీలం వేశారు. నీలం చాలా బాగుందనీ, రాత్రంతా దాన్నే చూస్తూ కూర్చున్నాననీ చెప్పాడు.

భట్టు తడుముకోలేదు.

"శాస్త్రంలో లోపం లేదు ప్రభూ. నేను చెప్పింది నెమలి మెడ నీలం. ఈ గురవన్న పూసింది శంఖుపువ్వు నీలం."

గురవన్న కోటలో గోడలకు రంగులు వేసేవాడు. రాజుగారి కోపమంతా అతని మీదికి తిరిగింది.

"రేపటిలోగా పెళ్లాం బిడ్డల్ని తీసుకుని రాజ్యం దాటి పో!"

గురవన్న రంగు మరకలు ఆరని చేతులు జోడించి అలాగే నిలబడిపోయాడు.

సింహాసనం పక్కన తాంబూలం పళ్లెం పట్టుకుని నిలబడే మాచమ్మకు మనసు చివుక్కుమంది. రాజుగారికి నిద్ర ఎందుకు పట్టదో రాజ్యం మొత్తం మీద ఆమె ఒక్కదానికే తెలుసు. భట్టుగారి ఉపన్యాసం మొదలైన కాసేపటికి రాజుగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ప్రభువులు దీర్ఘంగా ఆలోచిస్తున్నారని సభ అనుకునేది. పక్కనున్న మాచమ్మకు మాత్రం సన్నగా గురక వినబడేది. పగలంతా అలా పడుకున్న మనిషికి రాత్రి నిద్రెక్కడి నుంచి వస్తుంది?

కానీ ఆ మాట మొహం మీద చెబితే గురవన్నతో పాటు తనూ మూటాముల్లె సర్దుకోవాలి.

మాచమ్మ తమలపాకు చుట్టి అందిస్తూ, "ప్రభూ, నిద్ర పట్టే రంగు నాకు తెలుసు," అంది.

"ఏ రంగు?"

"ఈ కొలువు మండపం రంగు."

రాజుగారి చేతిలో ఆకు ఆగిపోయింది. ఆమె వైపు ఓరగా చూశాడు.

మాచమ్మ కళ్లు దించుకుని, "ఇక్కడ ప్రభువుల మనసు ఎంతో నెమ్మదిగా ఉంటుంది కదా, అందుకని," అంది.

రాజుగారు ఊపిరి పీల్చుకున్నాడు. భట్టు మాత్రం మండిపడ్డాడు.

"ఇది రంగా? ముప్పయ్యేళ్ల దీపాల పొగ! దీనికి శాస్త్రంలో పేరే లేదు!"

"పేరు తర్వాత పెడదాం. గురవన్నా, వెయ్యి," అన్నాడు రాజు.

గురవన్న ప్రాణాలు ఉగ్గబట్టుకుని వేశాడు. గోడ ఆరిన రోజు రంగును పరీక్షించడానికి కొలువు మానేశారు. మధ్యాహ్నం రాజుగారు భోంచేసి పడుకున్నాడు. మంత్రులు గుమ్మం దగ్గర నిలబడ్డారు. రాజుగారు కుడివైపు తిరిగాడు. ఎడమవైపు తిరిగాడు. లేచి కూర్చున్నాడు.

"మాచమ్మా! నిద్ర ఏదీ?"

భట్టు ముఖం వెలిగిపోయింది. గురవన్న ముఖం గోడ రంగుకు తిరిగింది.

మాచమ్మ తొణకలేదు. "నేను చదువురానిదాన్ని ప్రభూ, తప్పు చెప్పానేమో. ఈ రంగుకు నిద్ర ఎందుకు రాదో భట్టుగారినే శాస్త్రప్రకారం వివరించమనండి. విని, నాకే శిక్ష వేయండి."

భట్టు ఉత్తరీయం సవరించుకున్నాడు.

"ముందుగా, వర్ణమనగా నేమి? వర్ణము మూడు విధములు. అందులో మొదటిది మరల ఏడు విధములు..."

మొదటిదాంట్లో నాలుగో విధం దాకా రాజుగారు విన్నాడు. ఐదోది వస్తుండగా తల దిండు మీదికి వాలింది. ఆరోదానికి గురక మొదలైంది. ఒక మంత్రి గుమ్మానికి ఆనుకుని జారిపోయాడు. భట్టు ఇవేవీ చూడలేదు. కళ్లు మూసుకుని చెబుతూనే ఉన్నాడు.

పొద్దు వాలాక రాజుగారు ఒళ్లు విరుచుకుంటూ లేచేసరికి భట్టు ముగింపుకు వచ్చాడు.

"కనుక ప్రభూ, ఈ రంగుకు నిద్ర తెప్పించే శక్తి ఇసుమంతైనా లేదని నిరూపించాను."

రాజుగారు కళ్లు నులుముకున్నాడు. "అయితే నాకు నిద్ర ఎలా పట్టింది?"

మాచమ్మ చేతులు కట్టుకుని చెప్పింది.

"భట్టుగారు చెప్పింది అక్షరాలా నిజం ప్రభూ. నిద్ర తెప్పించింది గోడ కాదు."

అందరూ భట్టు వైపు తిరిగారు. రాజుగారి మీసాలు కదిలాయి.

"ఇంత మంచి మందు పగలు కొలువులో ఖర్చు చేయకూడదు ప్రభూ," అంది మాచమ్మ, అదే గొంతుతో. "రాత్రికి దాచుకోవాలి."

రాజుగారు ఆమెను కాసేపు తేరిపార చూశాడు. ఆమెకు ఏం తెలుసో, ఎంతకాలంగా దాచిందో అర్థమైంది. చేతి కంకణం తీసి ఆమె పళ్లెంలో పెట్టాడు.

"ఇంకేం కావాలో కోరుకో."

"గురవన్న ఇల్లు కదలకూడదు ప్రభూ."

"కదలదు. భట్టుగారూ, ఇక నుంచి మీ ఉపన్యాసం రోజూ రాత్రి, ఇక్కడే."

భట్టు ఆనందంతో ఉబ్బిపోయాడు. "మహాప్రసాదం! ప్రభువులు ఈ రోజు ఎక్కడిదాకా విన్నారో సెలవిస్తే, రేపు అక్కడి నుంచి అందుకుంటాను."

"అబ్బే వద్దు," అన్నాడు రాజు కంగారుగా. "రోజూ మొదటి నుంచే మొదలుపెట్టండి."

అప్పటిదాకా బిగబట్టుకున్న మంత్రులు ఒక్కసారిగా పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మహారాజే.