రణపాల ఆకులోని పులుపు

పిల్లలూ, మీ సైన్సు పుస్తకంలో పత్రరంధ్రాల బొమ్మ చూడగానే మా వైపు చెప్పుకునే ఒక కథ గుర్తొచ్చింది. ఇంత దూరంలో పెరుగుతున్న మీకు దాన్ని చెప్పేవాళ్లు లేరు. ఆ కథ జరిగిన గుట్ట పేరు నాకు సరిగ్గా గుర్తు లేదు. ఏదో ఒక పేరు కల్పించి చెప్పను.

ఆ రాతిగుట్ట మీద హుస్సేనప్ప అనే ఫకీరు ఉండేవాడు. అందరికీ ఆయన తాతే. అది కరువు ఏడాది. పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా, వచ్చినవాళ్లకు అంబలి పోయడమే ఆయన పని.

శిష్యుడు గంగులప్పకు ఇది నచ్చలేదు. ధ్యానం నేర్చుకుందామని వచ్చినవాడి చేతికి గరిటె వచ్చింది. ఒకరోజు తెల్లవారగానే మూట కట్టుకుని తాత ముందు నిలబడ్డాడు.

"పోతాండా తాతా. నువ్వు కళ్లు మూసుకుని కూర్చోగా ఒక్కనాడూ చూళ్లేదు. నీ దగ్గర లేనిది నాకేమిస్తావు?"

తాతకు కోపం రాలేదు. బండ సందున మొలిచిన రణపాల మొక్క నుంచి దళసరి ఆకొకటి తుంచి ఇచ్చాడు.

"నములు నాయనా."

గంగులప్ప మొహం చిట్లించాడు. "అబ్బా, చింతకాయ మాదిరి పులుపు!"

"సాయంత్రం ఇంకొకటి నమిలి పో."

ఆ పగలు బండలు కాలిపోయాయి. గుట్ట కింద చెట్ల ఆకులన్నీ వాడి వేలాడాయి. రణపాల మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది.

తాత కూడా అంతే. అంబలి అందదేమోనని జనం అరిచారు, తోసుకున్నారు. గంగులప్ప విసుగెత్తి గరిటె విసిరేశాడు. తాత దాన్ని తీసి, కడిగి, మళ్లీ పోయడం మొదలుపెట్టాడు. గొంతు పెంచలేదు.

పొద్దు వాలాక గంగులప్ప అదే మొక్క ఆకు తుంచి నమిలాడు. చప్పగా ఉంది. నమ్మలేక ఇంకొకటి నమిలాడు. అదీ అంతే.

"తాతా, పులుపేమైంది?"

"పగలంతా అదే తిని బతికింది. ఎండలో నోరు తెరిస్తే ఉన్న కాస్త తడీ ఆవిరైపోతుంది కదా. అందుకే ఆకుకున్న నోళ్లన్నీ మూసుకుని, లోపల దాచుకున్నదాంతోనే పని చేస్తుంది."

గంగులప్ప ఆ మొక్క ముందు కూలబడ్డాడు. అరచేయంత ఆకు. అంత ఎండ. కాలే బండ మీద చెయ్యి పెట్టి, అదే చెయ్యి ఆకు మీద పెట్టి చూశాడు.

అడిగాడు. "మరి గాలి ఎప్పుడు పీలుస్తుంది తాతా?"

"నువ్వు గురక పెట్టేటప్పుడు."

గంగులప్ప తలెత్తి తాత మొహం చూశాడు. రాత్రి తాను నిద్రపోయేదాకా తాత పడుకోగా ఒక్కనాడూ చూళ్లేదని అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత లేచి వెళ్లి మూట విప్పాడు.

నేను విన్నది ఇంతే. మీ స్నేహితులకు చెప్పండి, రేపు మీ పిల్లలకూ చెప్పండి. తెలియని ఆకు ఏదీ నోట్లో పెట్టుకోవద్దని కూడా, మరిచిపోకుండా, వాళ్లకు చెప్పండి.