రెక్క అడుగున చుక్క

అందరూ చప్పట్లు కొట్టడం ఆపిన ఆ క్షణంలోనే సింధూరకి గుండెల్లో కలుక్కుమంది.

ఏజెన్సీలో ఓ కొండమీద సీతాకోకచిలుకల లెక్కింపు క్యాంపు అది. పగలంతా తిరిగి, సాయంత్రం టీ తాగుతూ ఎవరేం చూశారో పైకి చదవాలి. ఎవరు ఏ పేరు చదివినా, క్యాంపు నడిపే పైడిరాజు మాస్టారు అడిగేది ఒకటే: "కింద చూశావా?" గడ్డిలో ఎగిరే వేలిగోరంత నీలి సీతాకోకచిలుకలు అక్కడ రెండు రకాలు. పైనుంచి చూస్తే కవలపిల్లలే. రెక్కలు ముడిచినప్పుడు ముందురెక్క అడుగున, నడిమధ్య చుక్క కనిపిస్తే డార్క్ గ్రాస్ బ్లూ, కనిపించకపోతే లెస్సర్ గ్రాస్ బ్లూ. ఆ రెండోది ఆ కొండ జాబితాలో ఇంతవరకూ లేదు. సింధూర చదివింది ఆ పేరే; చప్పట్లు అందుకే. "చూశాను మాస్టారూ" అనేసింది. నిజానికి అది రెక్కలు ముడవకుండానే ఎగిరిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం జాబితా అచ్చుకి వెళ్తుంది, ఆమె పేరుతో. డిగ్రీ అయ్యి ఏడాదిగా ఖాళీగా ఉన్న పిల్ల. మాస్టారు తన దగ్గర అసిస్టెంటుగా ఎవర్ని పెట్టుకోవాలో ఈ క్యాంపులోనే తేల్చుకుంటారు. నిజం చెబితే ఆ ఉద్యోగం పోయినట్టే.

పొద్దున్నే ఆయన వెంట గడ్డిలోకి వెళ్లి, ఏదో మాటవరసకి అన్నట్టు అడిగింది. "ఇంత చిన్న పురుగు పేరు ఒకటి తప్పు పడితే ఏం కొంపలు మునుగుతాయి మాస్టారూ?"

 గరికపోచ మీద నీలిది ఒకటి రెక్కలు విప్పుకుని ఎండ కాగుతోంది. "పుస్తకం తియ్యి" అంటూ మాస్టారు మోకాళ్లమీద కూర్చున్నారు. చాలాసేపటికి అది రెక్కలు ముడిచింది. ఆయన ముందుకి వంగి, "చుక్క ఉంది. డార్క్. రాసుకో" అన్నారు. సింధూర చకచకా రాసేసింది: టైము, చోటు, పేరు.

తలెత్తి చూస్తే ఆయన కళ్లద్దాలు, ఎప్పుడు తీసి పెట్టుకున్నారో, చొక్కా జేబులో ఉన్నాయి. అవి లేకపోతే ఆయనకి ఎదుట ఉన్నది మనిషో గుంజో కూడా తెలీదు.

"అదేటి మాస్టారూ! అద్దాల్లేకుండా చుక్క ఎలా కనిపించింది?"

"కనిపిస్తే కదా."

"మరి ఉందన్నారు?"

"నేనన్నాను. నువ్వు రాశావు. నీది చూసి ఇంకొకరు రాసుకుంటారు."

సింధూర మొహం ఎర్రబడింది. గబగబా ఆ లైను కొట్టేసి, పెన్నుకి మూత పెట్టబోయింది.

"ఆ ఒక్కటేనా, అమ్మాయ్?" అన్నారు మాస్టారు.