ఉప్పు తాగిన తుంగ

సాంబయోగిగారిని ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పరు. కర్ర అందుకుని బయటికి నడుస్తారు. అడిగినవాళ్లు వెంట పోవాలి, అంతే.

ఆ రోజు అడిగింది నాంచారమ్మ. ఆయన ఆశ్రమంలో చేరకముందు నుంచే ఆమెకు అక్క భద్రమ్మతో మాటల్లేవు. తుంగ పెరిగే చిత్తడి నేల, ఆ పర్రకు అవతలి పల్లెలో ఉండే ఆ అక్క మాత్రం తన చేత్తో అల్లిన తుంగచాప ఏటా పంపుతూనే ఉంది. ఈ ఏడు వచ్చిన చాప మడవబోతే పెళపెళా విరిగింది. నాంచారమ్మ ముందు నవ్వింది. తర్వాత ఎందుకో గుబులేసింది.

"నిజమైన ప్రేమ పలకరింపులు లేకపోతే పోతుందా స్వామీ? అక్క చాపలు పంపుతూనే ఉంది గదా. వచ్చే ఏడు వెళ్లి కలిస్తే సరిపోదూ?"

యోగిగారు కర్ర అందుకున్నారు.

పర్ర అంచున ఆ పక్క ఊరి కొండాలు తుంగ కోస్తున్నాడు. నడుమ ఎక్కడో కాస్త నీటి మెరుపు తప్ప ఎటు చూసినా పచ్చదనమే. దాని మీదుగానే అక్క ఊరికి అడ్డదారి. "నడువు" అన్నారు యోగిగారు. నాంచారమ్మ కాస్త దూరం పోయిందో లేదో, కాలికింద నేల జావలా జారిపోయింది. తొడల దాకా దిగబడింది. కుళ్లిన వేళ్ల కంపు గుప్పుమంది.

కొండాలు చెయ్యందించి పైకి లాగాడు. "పచ్చగా కనబడితే నేలేననుకున్నావా తల్లీ! మేమూ అట్టాగే అనుకుని కూర్చున్నాం."

పౌర్ణమికి సముద్రం పోటెత్తకముందు ఇంటికొకరు వెళ్లి ఉప్పుకాలువ గట్టుకు మట్టి వెయ్యడం ఆ ఊళ్ల కట్టుబాటు. ఒకసారి ఎవరూ వెళ్లలేదు. గండి పడి ఉప్పునీళ్లు పర్రలోకి వచ్చాయి. అయినా తుంగ ఎండలేదు. పచ్చగానే ఉందిగా, వచ్చే పౌర్ణమికి చూద్దాంలే అనుకున్నారు. ఆ మాట మీదే ఎన్నో పౌర్ణములు వెళ్లిపోయాయి. ఉప్పు లోపల్లోపల వేళ్లను తినేసింది. కాడలు పెళుసెక్కాయి. వేళ్లు పోయాక, అవి పట్టి ఉంచిన మట్టి కుంగింది.

"ఆ నడుమ మెరుస్తోందే, అక్కడ మా గేదెలు మేసేవి. ఇప్పుడు చేపలు తిరుగుతున్నాయి," అన్నాడు కొండాలు. "గట్టు కట్టి నీళ్లనైతే ఆపుతాం. దిగిపోయిన నేలనెవడు లేపుతాడు?"

నాంచారమ్మ బురద కాళ్లతో అలాగే నిలబడింది. అవతల అక్క ఊరి తాటిచెట్లు కనబడుతూనే ఉన్నాయి. ఈ ఏడు చాప తెచ్చిన మనిషి చుట్టుదారిన వచ్చానన్నాడు. అక్కెలా ఉందని ఆమె అడగలేదు. అతను ఏదో చెప్పబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

"ఇంకా మించిపోలేదు గదా స్వామీ?"

యోగిగారు తన కర్ర ఆమె చేతిలో పెట్టారు.

"ఇక్కణ్నుంచి చూస్తే పచ్చగానే ఉందమ్మా. చుట్టుదారిన పో."