మన బండి

శఠకోపాచార్యులవారికి ఒక అలవాటు ఉండేది. సందేహం అడిగినవాడికి వెంటనే జవాబు చెప్పేవారు కాదు. వాడి మాటల్లోంచే ఒక ముక్క పట్టుకుని, "దీనికి నువ్వు ఏమర్థం చెప్పుకున్నావు నాయనా?" అనేవారు. నెల్లూరు మూలపేటలో ఆయన వసారాలో ఆదివారం పూట గీతాపాఠానికి కూర్చునేవాళ్లలో చాలామంది ఆ ప్రశ్నకు జడిసే సందేహాలు మానుకున్నారు. మానుకోనివాడు లాయరు కోదండపాణి.

ఆ ఆదివారం పాఠం మొదలు కాకముందే అతను ఒంటికాలి మీద లేచాడు. శార్దూల కార్ల కంపెనీని ఏదో పరాయి దేశంవాళ్లు కొనేశారు. అతని తండ్రి నడిపింది శార్దూల. అతను కోర్టుకు వెళ్లేది శార్దూల. కొత్తది తీసుకుందామని షోరూముకు వెళ్లి రంగు కూడా ఎంచుకుని వచ్చాక పేపర్లో ఈ వార్త పడింది. "మన నేల, మన బండి" అని ఆ కంపెనీ ఇన్నేళ్లుగా గోడల మీద రాయించిన మాటను అతను దాదాపు మంత్రంలా నమ్మినవాడు మరి.

"గురువుగారూ, ఇకమీదట శార్దూల కొంటే పేరు మనది, లాభం వాళ్లది. ఇంకో కారుంది, ఒకప్పుడు తెల్లదొరలది, ఇప్పుడు మనవాళ్లు కొన్నారు. దానికి పేరు వాళ్లది, లాభం మనది. ఏది కొంటే ధర్మం? ఏది కొంటే ద్రోహం? కడుపు మండిపోతోంది. మన కంపెనీ పోయింది గురువుగారూ."

"మన అన్నావు. అందులో ఎవరెవరున్నారు నాయనా?" అన్నారు ఆచార్యులవారు.

"ఎవరేమిటి, అందరం ఉన్నాం."

"అయితే పద, తక్కిన అందరినీ కూడా ఒకసారి పలకరించి వద్దాం" అని ఆయన పుస్తకం మూసి కండువా భుజాన వేసుకున్నారు. ఆ రోజు పాఠం జరగలేదు.

శార్దూల ఫ్యాక్టరీ హైవే పక్కనే ఉంది. కోదండపాణి తన పాత కారులో గురువుగారిని ఎక్కించుకుని అక్కడికి చేరేసరికి ఎండ మండిపోతోంది. గేటు మీద పాత పేరు అలాగే ఉంది, దాని కింద కొత్త యజమానుల పేరు బిగిస్తున్నారు. గేటుకు ఎదురుగా, కర్రలకు కట్టిన టార్పాలిన్ పట్టా నీడన ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. భార్య పేరు చెంచమ్మ, భర్త పేరు పెంచలయ్య. అతని చొక్కా కుడిచెయ్యి మణికట్టు దగ్గర మడిచి, పిన్నీసు పెట్టి ఉంది.

కోదండపాణి కారు దిగి, ఆప్తుల ఇంటికి పరామర్శకు వచ్చినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చూశావా అమ్మా, మన కంపెనీ చివరికి పరాయివాళ్ల పాలైంది" అన్నాడు.

చెంచమ్మ తలెత్తి చూసింది. "మన కంపెనీయా? మాదెప్పుడైంది సామీ? మీదేమో."

తెలుగువాళ్లం మనం "మన" అనే మాట విషయంలో బహు ఉదారులం. ముక్కూ మొహం తెలియనివాడి ఊరినైనా "మన ఊరు" అనేస్తాం. అనేటప్పుడు ఎదుటి మనిషిని కూడా అందులో కలుపుకుంటున్నామన్న సంగతి మనకు తోచదు. కోదండపాణి మర్యాదకు ఆవిడను ఆ "మన" లోపలికి పిలిచాడు. ఆవిడ రానంది.

అడగకుండానే ఆవిడ చెప్పుకొచ్చింది. కిందటి వానాకాలంలో పెంచలయ్య చెయ్యి రేకులు నొక్కే మిషన్లో పోయింది. ఆఫీసరు ఆసుపత్రికి పళ్లబుట్టతో వచ్చాడు. మనమంతా ఒక కుటుంబం అన్నాడు. చెంచమ్మకు క్యాంటీన్లో పని ఇస్తామని పదిమంది ముందర మాట ఇచ్చాడు. ఆ తర్వాత కంపెనీ చేతులు మారింది.

"కొత్తోళ్లని అడిగితే, మాటిచ్చింది పాతోళ్లు గదా, వాళ్లనడుగు అంటారు. పాతోళ్లని అడిగితే, అమ్మేసినాం, ఇంక మాకేం సంబంధం అంటారు. నేల అమ్మినారు, మిషన్లు అమ్మినారు, పేరు గూడా అమ్మినారు. మాకిచ్చిన మాట మాత్రం ఎవురూ కొన్లేదంట."

"ఈ పరాయి దేశంవాళ్లకు మానం మర్యాద ఉంటే గదా" అన్నాడు కోదండపాణి పళ్లు కొరుకుతూ.

"చెయ్యి పోయిన్నాడు వాళ్లు లేరు గదయ్యా. అప్పుడుండింది మీ మనోళ్లే" అన్నాడు పెంచలయ్య. అతను మాట్లాడింది అదొక్కటే.

ఇంతకంటే సిగ్గుమాలిన వ్యాపారం ఉంటుందా? దేశం పేరు చెప్పి బండ్లు అమ్ముకున్నారు. ఆ దేశం మనిషే చెయ్యి పోగొట్టుకుంటే బుట్టెడు పళ్లు చేతిలో పెట్టి తప్పుకున్నారు. కొన్న పెద్దమనుషులు గేటుకు రంగు వేయించారు గానీ, గేటు ముందు మనిషిని ఎందుకు కూర్చున్నావని అడగలేదు. షోరూములో రంగు ఎంచుకునేవాళ్లకు ఈ గొడవే పట్టదు. ఒక మనిషి చెయ్యి ఎవరి లెక్కలోకీ రాకుండా పోయింది.

"అది మనదైనన్నాళ్లూ ఈ గేటు దాకా ఎప్పుడైనా వచ్చావా కోదండం?" అని మెల్లగా అడిగారు ఆచార్యులవారు.

కోదండపాణి కారు వైపు నడిచాడు. చెంచమ్మ వెనకాలే వచ్చింది. ముందు అద్దం మీద అంటించిన లాయరు గుర్తు ఆవిడ కంటపడింది. "అయ్యా, మీరు లాయరా? ఇచ్చిన మాట ఇప్పుడు ఎవురి మెడకు చుట్టుకుంటాదో కోర్టులో అడగొచ్చా? అడిగేదానికి ఎవురూ దొరకలా మాకు" అంటూ కిటికీ దగ్గరికి వంగింది.

"చూద్దాం లేమ్మా, ఎండగా ఉంది, వెళ్లి నీడన కూర్చో" అన్నాడు కోదండపాణి. గురువుగారు పక్క సీట్లో కూర్చున్నాక ఏసీ వేసి, తనవైపు అద్దం పైకి ఎక్కించాడు. చెంచమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి గానీ మాట వినపడటం ఆగిపోయింది. అతను నుదురు తుడుచుకుని, వచ్చిన పని గుర్తు తెచ్చుకున్నాడు.

"ఇంతకీ గురువుగారూ, ఏ కారు కొనమంటారు?"

"ముందు అద్దం దించు నాయనా" అన్నారు ఆచార్యులవారు. "ఆవిడ చెప్పడం ఇంకా అయిపోలేదు."