ఈదమ్మ మేకలు

నల్లమలలో ఈదమ్మ అవ్వ పసరు తాగని చెంచు లేడు. ఆమె దగ్గర పదేళ్ళుగా వైద్యం నేర్చుకుంటున్నవాడు బయ్యన్న. ఈ ఏడు వానలు పడగానే తన మందుల సంచి వాడి భుజాన వేస్తానని అవ్వ మాటిచ్చింది. ఆ సంచి ఎవరి భుజాన ఉంటే రోగులు వాళ్ళ గుమ్మానికే వస్తారు.

ఈలోగా ఇప్పపూలు రాలే కాలం వచ్చింది. రాలిన ఆకుల్లో పూలు ఏరాలంటే నడుం పడిపోతుంది. ఆడవాళ్ళు చీపుళ్ళతో చెట్ల కింద ఊడుస్తుంటే బయ్యన్న నవ్వి, తన చెట్టు కింద అగ్గిపుల్ల గీశాడు. ఆకులు కాలి నేల నల్లబడితే పూలు వాటంతటవే కనబడతాయని వాడి లెక్క. తెలివి తెల్లారినట్టే ఉంది! గాలి తిరిగింది. మంట కొండ మీదికి పాకి మూడు రోజులు కాలింది.

తాబేళ్ళు డొప్పలుగా మిగిలాయి. కౌజుపిట్టల గుడ్లు గూళ్ళలోనే ఉడికిపోయాయి. ఎలుగులు ఏటా పళ్ళకొచ్చే మొర్రి చెట్లు మోడులయ్యాయి. అవ్వ కొండంతా తిరిగొచ్చి ఆ పూట గంజి కూడా ముట్టలేదు. బయ్యన్నను ఒక్క మాట అనలేదు. సంచి ఊసూ ఎత్తలేదు.

అదే వాడిని తినేసింది. నెలరోజులు ఓర్చుకుని, ఉండబట్టలేక అడిగేశాడు.

"కొండ పచ్చబడనీ, ఇస్తా" అంది అవ్వ.

వానలు పడ్డాయి. కొండ నిజంగానే మోకాలెత్తున పచ్చబడింది. బయ్యన్న పరుగున వచ్చాడు. అడవికి నిప్పు కొత్తా, కాలితేనే కదా కొత్త చిగురు అంటూ, దారి పొడుగునా వల్లెవేసుకున్న మాటలన్నీ అప్పజెప్పాడు. అవ్వ అంతా వింది. గుంజకు కట్టిన రెండు మేకలను విప్పి తాళ్ళు వాడి చేతిలో పెట్టింది.

"పొద్దున్నుంచి వీటిని మేపలేదు. పద, నీ పచ్చ మేపుదాం."

కొండ మీద వదిలితే మేకలు ఒకచోట మూతి పెట్టి, తుమ్మి, ముందుకు పోయాయి. ఇంకోచోట వాసన చూశాయి, అక్కడా ఆగలేదు. కనుచూపుమేరా ఉన్నది వయ్యారిభామ. ఖాళీ నేల దొరికితే చాలు ఆక్రమించే పాడు కలుపు అది. అంత పచ్చదనంలో మేకలు ఆకలికి అరుస్తూ తిరుగుతుంటే బయ్యన్నకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

అంతలో పెద్దమేక ఒక మోడు వైపు ఉరికింది. కాలిన మొర్రి మొదట్లోంచి జానెడు చిగురు లేచి ఉంది. మేక నోరు తెరిచేలోగా బయ్యన్న దాని మీద పడ్డాడు. మోకాళ్ళు చెక్కుకుపోతున్నా కొమ్ములు వదల్లేదు. అవ్వ కాసేపు చూసి, మేకలను తోలుకుని కొండ దిగిపోయింది.

ఆ రోజే వాడు చిగురు చుట్టూ కంప పాతాడు. మర్నాటి నుంచి చేతులకు గుడ్డ చుట్టుకుని, పూత రాకముందే వయ్యారిభామ పీకడం మొదలుపెట్టాడు. ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పీకినచోట మళ్ళీ మొలిస్తే మళ్ళీ పీకాడు. జనం వీడికి పిచ్చెక్కిందన్నారు. ఇప్పపూల కాలంలో చీపురు పట్టి తన చెట్టు కిందా, పక్కవాళ్ళ చెట్ల కిందా కూడా ఊడ్చాడు.

మూడో ఏటి వానల్లో అవ్వ కర్ర ఊతంతో కొండెక్కి వచ్చింది. ఎక్కడో కౌజుపిట్ట కూస్తోంది.

"సంచి అడగడం మానేశావేంరా?"

"కొండ ఇంకా పచ్చబడలేదవ్వా" అన్నాడు బయ్యన్న, పీకుతున్న మొక్క మీంచి చూపు తీయకుండా.

అవ్వ తన భుజాన ఉన్న సంచి తీసి, వంగి ఉన్న వాడి భుజాన వేసింది.